రెండు పాస్‌పోర్టులు, ఒక జీడితోట

మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. పదహారేళ్ళ కిందట చదువుకని వెళ్ళినవాడు, ఈమధ్యే అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. అన్నయ్యకి పలాస దగ్గర మూడెకరాల జీడితోట ఉంది. 2018లో తిత్లీ తుఫానుకి సగం చెట్లు వేళ్ళతో సహా పడిపోతే, మళ్ళీ అంట్లు తెచ్చి నాటి పెంచిన తోట. కళ్ళెదుట ఉండగానే అది కొడుకు పేరున పెట్టేయాలని ఆయన పట్టు. కనుమ వెళ్ళాక ముగ్గురం కాశీబుగ్గలో తెలిసిన డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్ళాం. పాస్‌బుక్కు, 1బి, ఆధార్ జిరాక్సులు అన్నీ బల్ల మీద పరిచాక ఆయన మావాణ్ణి ఒకే మాట అడిగాడు.

“బాబూ, ఇప్పుడు నువ్వు ఏ దేశం పౌరుడివి?”

“డ్యూయల్ అండీ” అని వాడు బ్యాగులోంచి రెండు పుస్తకాలు తీశాడు. ఒకటి అమెరికా పాస్‌పోర్టు. రెండోది చూడ్డానికి అచ్చం మన పాస్‌పోర్టులాగే ఉంది. పైన సింహాల ముద్ర, కింద భారత ప్రభుత్వం పేరు. రైటరు దాన్ని తెరిచి చూసి, మూసి, వెనక్కిచ్చేసి “ఇది ఓసీఐ కార్డు. అయితే గిఫ్టు డీడు అవదండీ” అన్నాడు.

అన్నయ్యకి ఒళ్ళు మండింది. “నా తోట, నా కొడుకు. మధ్యలో అవకపోడానికి ఏటుంది?”

ఉన్నది చాలానే. అదంతా అర్థం కావాలంటే ముందు మావాడు నోరారా చెప్పిన ఆ ‘డ్యూయల్’ అన్న మాటనే పట్టుకోవాలి.

భారతదేశంలో ద్వంద్వ పౌరసత్వం లేదు. 1955 నాటి పౌరసత్వ చట్టంలో 9వ సెక్షన్ ఈ విషయంలో ఎక్కడా నీళ్ళు నమలదు. భారత పౌరుడెవరైనా తన ఇష్టంతో మరో దేశ పౌరసత్వం తీసుకుంటే, తీసుకున్న ఆ క్షణంలోనే భారత పౌరసత్వం పోతుంది. దీనికి దరఖాస్తు అక్కర్లేదు, ఆర్డరు అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. చాలామంది పాస్‌పోర్టు కాన్సులేట్‌లో సరెండర్ చేస్తేనే పౌరసత్వం పోతుందని, చేయకపోతే ఉన్నట్టేనని అనుకుంటారు. అది తలకిందుల లెక్క. పోవడం అక్కడి పౌరుడిగా ప్రమాణం చేసిన రోజునే అయిపోతుంది; సరెండర్ సర్టిఫికెట్ అయిపోయిన పనికి రసీదు మాత్రమే. ఆ తర్వాత కూడా పాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే పాస్‌పోర్టుల చట్టం కింద నేరం. బీరువాలో భద్రంగా దాచుకున్న ఆ పుస్తకం హక్కు కాదు, తలనొప్పి.

మరి ఓసీఐ అంటే? ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా. పేరులో ‘సిటిజన్’ ఉంది కానీ లోపల పౌరసత్వం లేదు. జీవితకాలపు వీసా, దానికి తోడు కొన్ని సదుపాయాలు, అంతే. ఈ గందరగోళానికి ఒక చరిత్ర ఉంది. ప్రవాసుల సంగతి తేల్చడానికి ఎల్.ఎం. సింఘ్వీ నాయకత్వంలో వేసిన కమిటీ 2002లో నివేదిక ఇచ్చి, ద్వంద్వ పౌరసత్వం ఇవ్వమని సిఫారసు చేసింది. 2003లో చట్టాన్ని సవరించి పదహారు దేశాల వారికి ఓసీఐ వీలు కల్పించారు. 2005లో దాన్ని పాకిస్తాన్, బంగ్లాదేశ్ తప్ప మిగతా దేశాలకి విస్తరించారు. 2006 జనవరిలో మన హైదరాబాదులోనే, ప్రవాసీ భారతీయ దివస్ వేదిక మీద, ఓసీఐ పథకాన్ని ప్రారంభించారు. అప్పట్లో నాయకులూ పేపర్లూ దాన్ని డ్యూయల్ సిటిజన్‌షిప్ అనే పిలిచారు. ఆ మాట జనం నోట్లో పడి ఇరవై ఏళ్ళయినా పోలేదు. మావాడి తప్పు కూడా ఏమంత లేదు.

ఓసీఐ ఉన్నవాడికి ఓటు లేదు. ఎమ్మెల్యేగానే కాదు, ఊళ్ళో వార్డు మెంబరుగా కూడా పోటీ చేయలేడు. మామూలుగా ప్రభుత్వోద్యోగం రాదు. జర్నలిజం, మతప్రచారం, పరిశోధన, పర్వతారోహణ లాంటి పనులకి విడిగా అనుమతి తెచ్చుకోవాలి. కొన్ని కారణాల మీద కేంద్రం కార్డు రద్దు చేయొచ్చు కూడా. 2019 సవరణతో ఆ కారణాల జాబితా పెరిగింది. ఇక అన్నయ్య తోట విషయానికొస్తే, విదేశీ మారకద్రవ్య చట్టం, అంటే ఫెమా, కింద ఉన్న నియమాల ప్రకారం ఓసీఐ వాళ్ళు వ్యవసాయ భూమి, తోటలు, ఫాంహౌస్ కొనకూడదు. బహుమతిగా కూడా పుచ్చుకోకూడదు. శ్రీకాకుళంలో అపార్టుమెంటు కొనుక్కోవచ్చు, విజయనగరంలో ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. జీడితోట మాత్రం కుదరదు.

కానీ వారసత్వంగా రావచ్చు. ఇక్కడే ఉంది కిటుకు. అదే తోట తండ్రి బతికుండగా గిఫ్టు డీడు రాస్తే చెల్లదు. ఆయన తదనంతరం వారసుడిగానో, వీలునామా ద్వారానో వస్తే చెల్లుతుంది. వచ్చాక అమ్ముకోవాలంటే ఇక్కడ నివసించే భారత పౌరుడికే అమ్మాలి. అన్నదమ్ములిద్దరూ విదేశాల్లో ఉంటే ఒకరి వాటా మరొకరు కొనుక్కోవడం కుదరదు. పలాస చుట్టుపక్కల మా ఉద్దానంలో ఇంటికిద్దరు బయట ఉన్న కుటుంబాలు ఎన్నో. ఈ చివరి ముక్క తెలియకుండా పంపకాలు రాసుకుంటున్నవాళ్ళని తలుచుకుంటే నాకే టెన్షన్ వస్తోంది.

ఇంకో సంగతి. ఈ భూమి నిషేధం ఓసీఐ వాళ్ళకే కాదు, భారత పౌరసత్వం వదులుకోకుండా విదేశంలో ఉంటున్న ఎన్నారైలకి కూడా ఉంది. తేడా ఏమిటంటే ఎన్నారై సామాను సర్దుకుని ఇంటికి వచ్చేసి ఇక్కడ స్థిరపడితే మళ్ళీ రైతే. కువైట్‌లోనో ఖతార్‌లోనో ఇరవై ఏళ్ళు వెల్డింగ్ చేసి వచ్చిన మా పక్కింటాయన ఈ ఏడు తోట కొనొచ్చు. అమెరికాలో పెద్ద ఉద్యోగం చేస్తున్న మావాడు సెలవుకొచ్చి కొనలేడు. మా ఊరి అరుగు మీద ఈ మాట చెబితే అందరూ నవ్వారు. అన్నయ్య ఒక్కడే నవ్వలేదు.

ఇంతవరకు మన వైపు సంగతి. అవతలి వైపు ఏమంటుంది?

ఇక్కడ పెద్ద అపోహ ఒకటి ఉంది. ‘అమెరికా ఒప్పుకుంటుంది కదా, అందుకని నాకు రెండూ ఉన్నాయి’ అంటారు. ఒక దేశం ఒప్పుకోవడం రెండో దేశాన్ని కట్టిపడేయదు. ఎవరు తన పౌరులో తేల్చుకునే అధికారం ఆ దేశానిదే అని 1930 నాటి హేగ్ ఒప్పందంలోనే రాసుకున్నారు. కాబట్టి ‘ద్వంద్వ పౌరసత్వం ఉందా’ అన్న ప్రశ్న ఒక్కరిని అడిగితే తేలదు. ఇద్దర్నీ విడివిడిగా అడగాలి. ఇద్దరూ ఔనంటేనే ఉన్నట్టు. ఒకరు కాదన్నా లేనట్టే.

అమెరికా తీరే చిత్రంగా ఉంటుంది. అక్కడ పౌరుడయ్యేటప్పుడు చేసే ప్రమాణంలో, ఇంతవరకు ఏ రాజ్యానికి విధేయుడినో ఆ విధేయతంతా వదులుకుంటున్నానని నోటితో చెప్పాలి. చెప్పించుకుంటారు, కానీ పాత పాస్‌పోర్టు ఏమైందని ఆరా తీయరు. కెనడా వాడైతే కెనడా పౌరసత్వం, ఇంగ్లండు వాడైతే ఇంగ్లండుది అలాగే ఉంటాయి. 1967లో అఫ్రోయిమ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, వేరే దేశ ఎన్నికల్లో ఓటేశాడన్న కారణంతో అమెరికన్ పౌరసత్వం తీసేయడం కుదరదని తేల్చింది. ఆ మనిషి ఓటేసింది ఇజ్రాయెల్ ఎన్నికల్లో. అలా అమెరికా రెండు పౌరసత్వాల్ని మెచ్చుకోదు, కాదనదు, చూసీ చూడనట్టు పోతుంది. పన్ను దగ్గర మాత్రం చూసీ చూడనట్టు పోవడం ఉండదు. తన పౌరుడు భూమ్మీద ఎక్కడున్నా ఆదాయం చూపించమంటుంది. అలా అడిగే దేశాలు అమెరికా, ఎరిత్రియా తప్ప దాదాపు లేవు. మన ఇన్‌కమ్‌టాక్స్ చట్టంలో జీడిపిక్కల మీద వచ్చే వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. రేపు తోట మావాడి చేతికొస్తే అదే జీడిపిక్కల డబ్బు అమెరికా రిటర్నులో చూపించాలి. “పూత రాలిపోయిన ఏడు కూడానా?” అని అడిగాడు అన్నయ్య. నష్టమొచ్చిందని రాసుకోవచ్చులే అన్నాను.

కెనడా 1977 నుంచీ, ఆస్ట్రేలియా తన పౌరులకి 2002 నుంచీ రెండో పౌరసత్వాన్ని అనుమతిస్తున్నాయి. జర్మనీ చాలాకాలం మొండికేసి 2024 జూన్ 27 నుంచి ఒప్పుకుంది. అది విని జర్మనీలో ఉన్న మనవాళ్ళు కొందరు సంబరపడ్డారు. తలుపు తీసింది జర్మనీయే, మన సెక్షన్ 9 అలాగే ఉంది. టర్కీ వాళ్ళకి పనికొచ్చిన చట్టం మనవాళ్ళకి అక్కరకు రాలేదు. సింగపూర్, చైనా మనలాగే ఒప్పుకోవు. జపాన్ పుట్టుకతో రెండు వచ్చిన పిల్లల్ని ఇరవై ఏళ్ళ లోపు ఒకటి ఎంచుకోమంటుంది.

గల్ఫ్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ ముప్పై ఏళ్ళు చెమటోడ్చినా పౌరసత్వం మాట ఎత్తరు, అక్కడ పుట్టిన బిడ్డకీ రాదు. యూఏఈ 2021లో నియమం మార్చింది కానీ అది పెట్టుబడిదారులకీ, డాక్టర్లకీ, శాస్త్రవేత్తలకీ, కళాకారులకీ, అదీ అక్కడి ప్రభుత్వ వర్గాలే పేరు ప్రతిపాదిస్తే. సోంపేట నుంచో కవిటి నుంచో వెళ్ళిన ఫిట్టర్‌కి కాదు. అందుకే గల్ఫ్‌లో పుట్టిన పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట గట్టిగా చెప్పాలి. 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టిన బిడ్డకి వంశపారంపర్యంగా భారత పౌరసత్వం రావాలంటే ఏడాదిలోగా అక్కడి మన రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. అమెరికాలో పుట్టిన బిడ్డ విషయంలో ఇది ఒక ఎంపిక. గల్ఫ్‌లో పుట్టిన బిడ్డకి వేరే దేశమే లేదు, ఆ కాగితమే దిక్కు.

పౌరసత్వం ఇచ్చే పద్ధతులు స్థూలంగా రెండు. ఎక్కడ పుట్టావని అడిగే దేశాలు, ఎవరికి పుట్టావని అడిగే దేశాలు. అమెరికా మొదటి రకం. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా దంపతుల కొడుకు కేసులో అది స్థిరపడింది. భారతదేశం మొదట గడ్డని చూసి, తర్వాత కడుపుని చూడ్డం మొదలుపెట్టింది. 1987 జులై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్ళు దాదాపు అందరూ పౌరులే. ఆ తర్వాత పుట్టినవాళ్ళకి తల్లో తండ్రో పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు.

గడ్డని చూసే దేశంలో, కడుపుని చూసే దేశం వాళ్ళకి బిడ్డ పుడితే రెండు పౌరసత్వాలూ అడక్కుండానే వచ్చిపడతాయి. మన చట్టం కూడా ఈ ఒక్కచోట కాస్త సడలింది. విదేశంలో పుట్టి, మన కాన్సులేట్‌లో నమోదైన మైనరుకి రెండో దేశ పౌరసత్వం కూడా ఉంటే, పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లోగా దాన్ని వదులుకోవాలి, లేదంటే భారత పౌరసత్వం పోతుంది. అంటే పద్దెనిమిదిన్నర ఏళ్ళదాకా చట్టం కళ్ళు మూసుకుంటుందన్నమాట. కానీ బిడ్డకి వేరే పాస్‌పోర్టు లేదని నమోదప్పుడే తల్లిదండ్రులు రాసివ్వాలి. అమెరికా పౌరుడైన బిడ్డ అమెరికాలోకి అడుగుపెట్టాలంటే అమెరికా పాస్‌పోర్టే చూపాలి. ఈ రెండూ కలిసి నడవవు కాబట్టి, ఆచరణలో అందరూ బిడ్డకి ఆ పాస్‌పోర్టు తీసి ఓసీఐకి పెడతారు. మా మనవరాలికి కూడా అదే చేశారు.

అడక్కుండా వచ్చే పౌరసత్వం ఎంత పని చేస్తుందో 2017లో ఆస్ట్రేలియా చూసింది. వాళ్ళ రాజ్యాంగం 44వ సెక్షన్ ప్రకారం వేరే దేశ పౌరుడు పార్లమెంటులో కూర్చోకూడదు. ఉపప్రధాని బార్నబీ జాయిస్ ఆస్ట్రేలియాలోనే పుట్టి పెరిగాడు. తండ్రి న్యూజిలాండ్‌లో పుట్టాడు కాబట్టి న్యూజిలాండ్ చట్టం అతణ్ణి కూడా తమ పౌరుడిగానే లెక్కగట్టింది. అతనికి ఆ సంగతే తెలియదు. తెలియకపోవడం సమాధానం కాదని కోర్టు అక్టోబరులో పదవి ఊడబెరికింది. అతను న్యూజిలాండ్ పౌరసత్వం వదులుకుని డిసెంబరు ఉపఎన్నికలో మళ్ళీ గెలిచాడు.

మన దగ్గర ఇలాంటిది వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేష్ కేసు. జర్మనీ పౌరసత్వం ఉన్న ఆయనకి 2009లో భారత పౌరసత్వం మళ్ళీ ఇచ్చారు. దరఖాస్తుకి ముందు ఏడాదిపాటు ఇక్కడే ఉన్నారా లేదా అన్నదాని మీద గొడవ నడిచి, కేంద్ర హోంశాఖ ఆ పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మన్ పౌరుడేనని చెప్పి 30 లక్షల రూపాయలు కట్టమంది. ఆయన నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచాక వచ్చిన తీర్పు అది. పోయిన పౌరసత్వం తిరిగి తెచ్చుకోవడం ఎంత పనో తెలియాలంటే ఆ కేసు చదివితే చాలు.

భారతదేశం ఎందుకింత బిగుసుకుని కూర్చుందని మావాడు కారులో తిరిగొస్తూ అడిగాడు. దేశవిభజన నెత్తుటి మరకలు ఆరకముందే రాజ్యాంగం రాసుకున్నాం, ఎవరు ఎటో తేల్చుకోమనడం అప్పుడు అవసరమైంది. 9వ అధికరణం ఆ రోజుల్లోదే. నేను ఇంకొకటి కూడా చెప్పాను. మా చిన్నప్పుడు వీధి చివర ఒక ముసలాయన ఉండేవాడు. ఊరంతా రంగం తాత అనేవారు. మా వైపు పెద్దవాళ్ళకి రంగూన్ ఎప్పుడూ ‘రంగమే’. కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి రైసుమిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్ళేవారు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి అది పరదేశం అని ఎవరికీ అనిపించలేదు. రంగం తాత అక్కడే పుట్టాడు. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చాక, పౌరసత్వం కావాలంటే దరఖాస్తు పెట్టుకోమన్నారు. చదువు లేనివాళ్ళు పెట్టుకోలేదు. మన రాజ్యాంగం 8వ అధికరణం కింద భారత పౌరులుగా నమోదు చేయించుకునే వీలూ ఉంది. అదీ తెలియలేదు. తాత దగ్గర ఒక రేకుపెట్టె ఉండేది. అందులో మడతలు పడిన ఒక కార్డు, దాని మీద కుర్రవాడి ఫొటో. పుట్టిన ఊళ్ళోనే ఆయనకిచ్చిన విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు అది.

1962లో బర్మాలో సైన్యం అధికారం పట్టింది. 1964లో దుకాణాలు ప్రభుత్వపరం చేశారు, వంద, యాభై చాట్ నోట్లు రద్దు చేశారు. మనవాళ్ళు ఓడలెక్కి తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ కాలపుదే. ఇక్కడికొచ్చాక తాతని కాందిశీకుడన్నారు. అక్కడ విదేశీయుడు, ఇక్కడ కాందిశీకుడు. మావాడికి రెండు లేవని బాధ, ఆయనకి ఒక్కటైనా గట్టిగా లేదు.

అలాంటి కూలీ ఓడల్లోనే, అంతకంటే ముందే, గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మారిషస్ చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళ వారసులకి మాత్రం ఇప్పుడు అదృష్టం కలిసొచ్చింది. మామూలుగా ఓసీఐ మునిమనవల తరం దాకానే ఇస్తారు. మారిషస్ వాళ్ళకి 2024లో ఏడో తరం దాకా ఇస్తామన్నారు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు. తెలుగు మర్చిపోయిన ఏడో తరానికి కార్డు రావడం న్యాయమే అనిపిస్తుంది నాకు, కానీ రంగం తాత తరాన్ని ఎవరూ ఇలా లెక్కపెట్టలేదు.

2022 ఒక్క ఏడాదిలో 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. వాళ్ళలో ఎంతమందికి ఊళ్ళో ఇంకా ఓటుందో ఎవరు చూశారు? మావాడికి ఉంది. పౌరుడుగా ఉన్నన్నాళ్ళూ విదేశంలో ఉన్నా ఓటు ఉంచుకోవచ్చు, ఫారం 6ఎ నింపి, ఎన్నికల రోజున స్వయంగా వచ్చి వేయాలి. పౌరసత్వం మారాక ఆ పేరు జాబితాలో ఉండకూడదు.

చివరికి అన్నయ్య గిఫ్టు డీడు మానుకుని వీలునామా రాయించాడు. ఓటు సంగతి కూడా తేల్చేద్దామని మావాడు ఫోన్లో ఫారం 7 తెరిచాడు. పేరు తీసేయడానికి కారణాల వరుస ఉంటుంది అందులో: మరణం, ఊరు మారడం, రెండుచోట్ల ఉండడం, భారత పౌరుడు కాకపోవడం. అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ వరుసంతా పైకి చదివాడు. మరణం దగ్గర ఆగి, ఫోను వాడి చేతికే ఇచ్చేసి, “నువ్వే నొక్కు” అన్నాడు.